పాలు పొంగేదాకా పక్కనే నిలబడండి

మూడేళ్ళ కిందట ఒక మంగళవారం రాత్రి మా నాన్నకు ఫోన్ చేసి, "రేపేం పని నాన్నా, ఇంట్లోనే ఉంటావా?" అని అడిగాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా, "నిన్న చెప్పినా కదమ్మా, రేపు కంటి ఆపరేషన్ అని" అన్నాడు. ముందురోజు ఆయనతో పద్నాలుగు నిమిషాలు మాట్లాడినట్టు కాల్ లిస్టులో ఉంది. ఆ పద్నాలుగు నిమిషాలూ ఊఁ, ఆఁ, సరే నాన్నా అంటూనే ఉన్నాను, కళ్ళు మాత్రం లాప్‌టాప్‌లో ఆ నెల జీతాల షీటు మీద ఉన్నాయి. శుక్లం ఏ కంటికి, ఎన్ని గంటలకు రమ్మన్నారు, తోడు ఎవరు వెళ్తున్నారు, అన్నీ చెప్పాడట. ఒక్క మాట నా చెవిన పడలేదు. ఆ రాత్రే బెంగళూరు కె.ఆర్.పురంలో మదనపల్లె బస్సెక్కి తెల్లవారుజామున ఇంటికి చేరాను. ఆపరేషన్ బాగానే జరిగింది, ఇప్పుడు చూపు బాగుంది. కానీ ఆ రాత్రి ఆయన కోప్పడకుండా "పనిలో ఉన్నట్టున్నావులే" అని తనే సర్దిచెప్పడం నన్ను చాలా రోజులు వదల్లేదు.

నేను ధ్యానం మొదలుపెట్టింది అందుకే, ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే నాకు వినపడాలని. ఈ మూడేళ్ళలో నేర్చుకున్నదీ, పొరపాటు చేసి సరిదిద్దుకున్నదీ వరసగా రాస్తున్నాను. మారతహళ్ళి పీజీల్లో ముగ్గురికి ఒక గదిలో ఉండేవాళ్ళు, వైట్‌ఫీల్డ్ వైపు మొగుడూపెళ్ళాలిద్దరూ ఉద్యోగాలు చేస్తూ పిల్లల్ని పెంచేవాళ్ళు, అలాంటివాళ్ళని మనసులో పెట్టుకుని రాస్తున్నాను కాబట్టి గంటసేపు తీరిక, ప్రత్యేకంగా ఒక గది, నిశ్శబ్దం ఇవేవీ ఉన్నాయని అనుకోవడం లేదు.

ముందు ఒక్క మాట. మన భాషలో పరధ్యానం అని ఉంది కదా, "ఏంటలా పరధ్యానంగా ఉన్నావు" అని ఇంట్లో ఎన్నిసార్లు అనిపించుకుని ఉంటామో. పర అంటే వేరే. అంటే ధ్యానం మనకు తెలియక కాదు, రోజంతా చేస్తూనే ఉన్నాం, కాకపోతే వేరే దాని మీద. అన్నం కలుపుకుంటూ ఈఎంఐ మీద, పాపకు జడ వేస్తూ మేనేజర్ మెయిల్ మీద, మేనేజర్ మాట్లాడుతుంటే పాప జ్వరం మీద. ఇది మనలో ఎవరో ఒకరికి ఉన్న జబ్బు కూడా కాదు. 2010లో హార్వర్డ్‌కు చెందిన మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ 2,250 మందిని రోజులో ఏదో ఒక సమయంలో ఫోన్ ద్వారా పలకరించి, ఇప్పుడేం చేస్తున్నారు, మనసు దాని మీదే ఉందా, ఎలా అనిపిస్తోంది అని అడుగుతూ పోయారు. లెక్క తీస్తే 46.9 శాతం సార్లు మనసు చేస్తున్న పని మీద లేదు. దానికంటే నన్ను ఆపి ఆలోచింపజేసింది ఇంకోటి: మనసు హాయైన సంగతుల మీదికి పోయినప్పుడు కూడా వాళ్ళు చేస్తున్న పనిలో ఉన్నప్పటి కంటే సంతోషంగా ఏమీ లేరు.

మైండ్‌ఫుల్‌నెస్ అని ఇప్పుడు అందరూ అంటున్న మాటకు మూలం పాళీ భాషలోని సతి, అంటే సంస్కృతంలో స్మృతి. గుర్తుండటం. నేను ఇప్పుడు ఇక్కడున్నాను, ఇది చేస్తున్నాను అన్నది గుర్తుండటం. తెలుగులో దీనికి ఎరుక కంటే మంచి మాట నాకు దొరకలేదు. బౌద్ధంలో రెండున్నర వేల ఏళ్ళుగా ఉన్న ఈ సాధనని 1979లో అమెరికాలో జాన్ కబట్-జిన్ మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో, ఎంతకీ తగ్గని నొప్పులతో బాధపడే పేషెంట్ల కోసం కొన్ని వారాల కోర్సుగా మలిచాడు. ఆసుపత్రుల్లోకి ఇది అలా వచ్చింది. ఆ కోర్సులో మొదటి పాఠం ఒక్క ఎండుద్రాక్షను అరచేతిలో పెట్టుకుని, చూసి, వాసన పీల్చి, మెల్లగా నమిలి తినడం. నేనూ చేసి చూశాను, బాగుంది, కానీ రోజూ ఎండుద్రాక్ష పట్టుకుని కూర్చోవడం మన ఇళ్ళలో సాగదు. ఎలాగూ రోజూ చేసి తీరాల్సిన పని ఏదైనా కావాలి. అలా పాల గిన్నె దగ్గరికి వచ్చాను.

మొదటి వారం: పాలు మాత్రమే

పొద్దున్నే పాలు కాచేటప్పుడు మనలో చాలామంది స్టవ్ వెలిగించి, "ఒక్క నిమిషం" అని ఫోన్ తీస్తాం. తర్వాత జరిగేది ఆ బర్నర్ చుట్టూ మాడిన మరకలే చెబుతాయి. ఈ వారం ఆ ఐదారు నిమిషాలు పక్కనే నిలబడండి, అంతే చేయాల్సింది.

ఫోన్ వేరే గదిలో ఉండాలి. ప్యాకెట్ ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు చేతికి తగిలే చల్లదనం గమనించండి. మూల కత్తిరించి పోస్తుంటే మొదట స్టీలు గిన్నె అడుగున చప్పుడు గట్టిగా ఉంటుంది, పాలు నిండేకొద్దీ మెత్తబడుతుంది. అరలీటరు పాలు, మంట మధ్యస్థంగా పెట్టండి. ఇక చేతులు ఖాళీగా వదిలేసి చూడండి. మొదటి రెండు నిమిషాలు ఏమీ జరగదు, తెల్లగా కదలకుండా ఉంటాయి, మనసు పారిపోయేది సరిగ్గా అప్పుడే. తర్వాత సన్నగా ఆవిరి లేస్తుంది. గిన్నె అంచు వెంబడి ఆవగింజలంత బుడగలు వరస కడతాయి. పైన పల్చటి మీగడ పొర కట్టి, దాని మీద ముడతలు పడతాయి, ఆ ముడతలు కొంచెం కొంచెం కదులుతుంటాయి. వాసన మారుతుంది, పచ్చిపాల వాసన పోయి తియ్యటి వాసన వస్తుంది. ఆ తర్వాత పొర మధ్యలో ఉబ్బి, ఒక్కసారిగా మొత్తం పైకి లేస్తుంది. అప్పుడు కట్టేయండి.

ఈ ఐదు నిమిషాల్లో మనసు ఎన్నిసార్లు వెళ్ళిపోయినా పర్వాలేదు. వెళ్ళిందని తెలిసినప్పుడు మళ్ళీ గిన్నె వైపు చూడండి. లెక్కపెట్టుకోవద్దు, తిట్టుకోవద్దు.

పీజీలో ఉండి స్టవ్ లేనివాళ్ళు బకెట్‌లో వేడినీళ్ళు నిండటం చూడొచ్చు, లేదా టిఫిన్‌లో మొదటి మూడు ముద్దలు ఫోన్ చూడకుండా, ఎవరితో మాట్లాడకుండా నమలొచ్చు. ఇడ్లీకి ఎంత రుచి ఉందో చట్నీ లేకుండా ఒక్క ముక్క నోట్లో పెట్టుకుంటే తెలుస్తుంది. ఏది ఎంచుకున్నా వారమంతా అదే చేయండి, రోజుకొకటి మార్చొద్దు.

కూర్చోవడం

రెండో వారం నుంచి రోజుకు ఐదు నిమిషాలు కూర్చోవాలి. ఐదే. ఎక్కువ చేయాలని ఉన్నా వద్దు. మొదటిరోజే అరగంట కూర్చుని నాలుగోరోజుకి మానేసినవాళ్ళని నా చుట్టూనే చాలామందిని చూశాను, మొదటిసారి నేను చేసింది కూడా అదే.

ఎప్పుడు అంటే, పళ్ళు తోముకున్నాక, ఫోన్ ముట్టుకోకముందు. ఈ ఒక్క నియమం దగ్గర మాత్రం మీరు గట్టిగా ఉండండి, ఎందుకంటే ఒక్కసారి వాట్సాప్ తెరిచాక మనసులోకి పదిమంది వచ్చి కూర్చుంటారు, వాళ్ళని బయటికి పంపడానికే ఆ ఐదు నిమిషాలూ సరిపోతాయి. అలారం కోసం ఫోన్ కావాల్సి వస్తే రాత్రే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి పడుకోండి. పొద్దున అస్సలు కుదరనివాళ్ళు సాయంత్రం ఇంటికొచ్చి స్నానం చేశాక, భోజనానికి ముందు కూర్చోవచ్చు. తిన్న వెంటనే కూర్చుంటే నిద్రే వస్తుంది.

పద్మాసనం అక్కర్లేదు. డైనింగ్ టేబుల్ కుర్చీ చాలు: వెనక్కి వాలకుండా కాస్త ముందుకు కూర్చుని, రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనించి, చేతులు తొడల మీద వదిలేయండి. కింద కూర్చునే అలవాటు ఉంటే దుప్పటిని నాలుగు మడతలు పెట్టి పిరుదుల కింద వేసుకోండి, మోకాళ్ళు నడుము కంటే కిందికి ఉండాలి, అప్పుడే వీపు బలవంతం లేకుండా నిలబడుతుంది. మోకాళ్ళు పైకి లేచి ఉంటే రెండు నిమిషాల్లో నడుం నొప్పి మొదలవుతుంది, చాలామంది దాన్ని "నాకు ధ్యానం పడదు" అనుకుంటారు. మంచం మీద మాత్రం వద్దు. దేవుడి గదిలో కూర్చున్నా సరే, బాల్కనీలో వాషింగ్ మెషీన్ పక్కన కూర్చున్నా సరే, రోజూ ఒకే చోటైతే మంచిది. కళ్ళు మూసుకోవడం ఇష్టం లేకపోతే నాలుగడుగుల దూరంలో నేల మీద చూపు ఆనించి ఉంచండి.

ఇప్పుడు ఊపిరి. మీకు ఊపిరి ఎక్కడ బాగా తెలుస్తోందో చూడండి. కొందరికి ముక్కు పుటాల దగ్గర, లోపలికి వెళ్ళేది కాస్త చల్లగా, బయటికి వచ్చేది కాస్త వెచ్చగా. కొందరికి ఛాతీలో, ఇంకొందరికి పొట్ట ఉబ్బి తగ్గడంలో. ఒక చోటు ఎంచుకుని అక్కడే ఉండండి. మనకి చిన్నప్పటి నుంచి ప్రాణాయామం గురించి వినడం అలవాటు కాబట్టి వెంటనే ఊపిరిని గట్టిగా లాగడం, బిగబట్టడం మొదలుపెడతాం. ప్రాణాయామంలో ఊపిరిని మనం నడిపిస్తాం. ఇక్కడ అది ఎలా నడుస్తుంటే అలా చూస్తాం, పొడవుగా ఉంటే పొడవుగా ఉందని, పొట్టిగా ఉంటే పొట్టిగా ఉందని. రెండూ మంచివే, కానీ రెండూ ఒకటి కాదు, ఒకేసారి కలిపి చేయొద్దు.

చూస్తూ ఉండటం కష్టంగా ఉంటే లెక్కపెట్టండి. ఊపిరి బయటికి వదిలినప్పుడల్లా ఒక అంకె, ఒకటి నుంచి పది దాకా, మళ్ళీ ఒకటి నుంచి. మధ్యలో లెక్క తప్పితే ఒకటికి రండి. ఎక్కడో పదిహేడు దగ్గర ఉన్నారని తెలిసినా ఒకటికే రండి. మొదటి పది రోజుల్లో నాలుగు దాటడం కష్టంగా ఉంటుంది, నాకు అలాగే ఉండేది. ఇంకో చిన్న పని, ఒక్కసారి చేసి చూడండి: మణికట్టు దగ్గర నాడి మీద రెండు వేళ్ళు ఆనించి మెల్లగా ఊపిరి వదలండి. లోపలికి తీసుకునేటప్పుడు గుండె కొంచెం వేగంగా, వదిలేటప్పుడు కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటుంది, చాలామందికి వేళ్ళకే తెలుస్తుంది. మన అమ్మలు "కాస్త ఊపిరి పీల్చుకో" అనేది ఊరికే కాదని నాకు అప్పుడు తెలిసింది.

మనసు పోయినప్పుడు

అసలు సాధన ఇదే, మిగతాది దీనికి ఏర్పాటు. చాలామంది ధ్యానం మానేసేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మీరు కూర్చుంటారు. ఒకటి, రెండు, మూడు. నాలుగు దగ్గర ఎప్పుడో తెలియకుండా మీరు ఆఫీసులో ఉంటారు, నిన్న మీటింగులో అనాల్సిన మాట ఇప్పుడు గట్టిగా అంటుంటారు, అవతలివాడు దానికి ఏమంటాడో కూడా మీరే పలుకుతుంటారు. రెండు నిమిషాల తర్వాత ఎక్కడి నుంచో తట్టుతుంది: అరే, నేను కూర్చుంది ఊపిరి చూడటానికి కదా. ఆ తట్టిన క్షణం ఉంది చూశారా, దాని కోసమే ఇదంతా. దాన్ని మీరు తెచ్చుకోలేదు, దానంతట అది వచ్చింది, రోజూ కూర్చుంటే ఇంకాస్త తొందరగా వస్తుంది. ఆ క్షణంలో "ఛ, మళ్ళీ పోయింది" అని నొచ్చుకుంటే, వచ్చిన మెలకువను మనమే కొట్టి తరిమినట్టు. మెల్లగా ఒకటికి రండి. ఐదు నిమిషాల్లో ముప్పై సార్లు పోయి ముప్పై సార్లు వచ్చారంటే ముప్పై సార్లు సాధన చేసినట్టు.

మా అవ్వ ఇంట్లో కొత్తగా తల్లి నుంచి విడదీసిన దూడను గుంజకు కట్టేసేవాళ్ళు. మొదట తెగ లాగుతుంది, అరుస్తుంది, గుంజ చుట్టూ తిరిగి తిరిగి తాడు పొట్టి చేసుకుంటుంది, మధ్యాహ్నానికి ఆ గుంజ పక్కనే పడుకుని నెమరేస్తుంటుంది. ఎవరూ దాన్ని కొట్టరు. మనసును ఊపిరికి కట్టడానికి పాత బౌద్ధ గ్రంథాల్లో కూడా సరిగ్గా ఈ దూడ పోలికే ఉందని తర్వాత తెలిసినప్పుడు, అవ్వ వాళ్ళ పెరడు గుర్తొచ్చి చాలా సంతోషమేసింది.

ఒకే ఆలోచన పదేపదే వస్తుంటే దానికి ఒక్క మాటలో పేరు పెట్టండి. "అప్పు." "ఆఫీసు." "కోపం." "రేపు." పేరు పెట్టి వదిలేసి ఊపిరి దగ్గరికి రండి. నాకు ప్రతి నెలా ఇరవై ఐదు దాటాక "జీతాలు" అనే పేరే పదిహేనుసార్లు వస్తుంది. పేరు పెట్టడంతో ఆలోచన పోదు, కానీ అందులో మునిగిపోవడం తగ్గుతుంది, ఒడ్డున నిలబడి చూసినట్టు ఉంటుంది.

నిద్ర వస్తే కళ్ళు తెరిచి, ముఖం కడుక్కుని వచ్చి కూర్చోండి. రోజూ నిద్రే వస్తోందంటే మీకు కావాల్సింది ధ్యానం కంటే ముందు రాత్రి ఇంకో గంట నిద్ర. కాళ్ళు తిమ్మిరెక్కితే కదిలించుకోండి, అది తపస్సు భంగం కాదు. దురద పెడితే వెంటనే గోక్కోకుండా పది లెక్కల దాకా ఆ దురదనే చూడండి, ఎక్కడ మొదలైంది, పెరుగుతోందా తగ్గుతోందా అని. సగంసార్లు దానంతట అదే పోతుంది, పోకపోతే గోక్కోండి. పిల్లలు వచ్చి ఒళ్ళో కూర్చుంటే కూర్చోనివ్వండి, వాళ్ళ ఊపిరి కూడా తెలుస్తుంది.

చప్పుళ్ళ గురించి మాత్రం బెంగళూరు వాళ్ళకి విడిగా చెప్పాలి. మా వీధిలో పొద్దున ఆరింటికి నీళ్ళ ట్యాంకర్ వస్తుంది, మోటారు అరగంట మోగుతుంది, ఎదురుగా కొత్త బిల్డింగ్ కడుతున్నారు, పక్కింట్లో కుక్కర్. నిశ్శబ్దం కోసం చూస్తే ఈ ఊళ్ళో జన్మలో కూర్చోలేం. మొదట్లో ట్యాంకర్ మీద నాకు ఎంత కోపం వచ్చేదో. ఒకరోజు ఊపిరిని వదిలేసి ఆ మోటారు శబ్దాన్నే వింటూ కూర్చున్నాను. అది ఒకే శబ్దం కాదని అప్పుడు తెలిసింది, లోపల ఒక లయ ఉంది, మధ్యలో పైపు దగ్గర నీళ్ళు చిమ్మే చప్పుడు వేరేగా ఉంది, ట్యాంక్ నిండేకొద్దీ మోటారు గొంతు మారుతోంది. చప్పుడు ఎలాగూ ఉంటుంది. దానితో "ఈ టైంలో ఎందుకు, ఎవరికి చెప్పాలి" అని మనం పెట్టే పోట్లాట మాత్రం మన చేతిలో ఉంది.

కూర్చోనప్పుడు

పొద్దున ఐదు నిమిషాలు బాగా కూర్చుని, తర్వాత పదహారు గంటలు పరధ్యానంలో గడిపితే పెద్దగా మారేదేమీ ఉండదు. రోజులో రెండు మూడు చోట్ల దీన్ని తగిలించుకోవాలి.

నేను కుందలహళ్ళిలో మెట్రో ఎక్కి ఎంజీ రోడ్డులో దిగుతాను. 2023 అక్టోబరులో పర్పుల్ లైన్ వైట్‌ఫీల్డ్ దాకా పూర్తిగా కలిశాక క్యాబ్ మానేశాను. ఎక్కాక ఒక్క స్టేషన్ దూరం మాత్రం ఫోన్ బ్యాగులోనే ఉంచుతాను. తలుపులు మూసుకున్నప్పటి నుంచి మళ్ళీ "ముందిన నిల్దాణ" (తర్వాతి స్టేషన్) అని కన్నడలో వినిపించేదాకా, రెండు నిమిషాలు ఉంటుందేమో. పాదాల మీద బరువు ఎటు మారుతోంది, పట్టుకున్న కమ్మీ ఎంత చల్లగా ఉంది, రైలు బయలుదేరినప్పుడు ఒళ్ళు ఎలా వెనక్కి వాలుతోంది, ఇవే చూడటం. తర్వాత ఫోన్ తీసుకోవచ్చు. మీరు ఔటర్ రింగ్ రోడ్డు మీద బస్సులో వెళ్తుంటే రెండు స్టాపుల మధ్య చేయండి. టూవీలర్ నడిపేవాళ్ళు ఊపిరి లెక్కలు, కళ్ళు మూయడం లాంటివి దగ్గరికి రానివ్వకండి, బండి మీద ధ్యానం అంటే రోడ్డు చూడటమే. సిల్క్ బోర్డు దగ్గర ఎర్ర లైటు పడి అంకెలు తగ్గుతున్నప్పుడు మాత్రం హ్యాండిల్ మీద పట్టు ఎంత బిగించి ఉంచారో, భుజాలు చెవుల దాకా ఎలా లేచి ఉన్నాయో చూసుకుని వదులు చేయండి.

కూర్చోవడం అస్సలు పడనివాళ్ళకి నడక మంచిది. మేడ మీదో కారిడార్‌లోనో పదిహేను అడుగుల దూరం చూసుకుని, అటూ ఇటూ మామూలు కంటే నెమ్మదిగా నడవండి. మడమ ఆనింది, పాదం ఆనింది, వేళ్ళు లేచాయి, అంతే. ఆదివారం పొద్దున వీలైతే లాల్‌బాగ్ బండ మీద ఇది చేసి చూడండి, భూగర్భ శాస్త్రవేత్తల లెక్కలో దాదాపు 300 కోట్ల ఏళ్ళ నాటి రాయి అది. నేను అక్కడికి వెళ్ళిన రోజు పాదం ఆనించడం దానంతట అదే నెమ్మదిస్తుంది.

ఆఫీసులో ఒళ్ళు మండించే మెయిల్ వచ్చినప్పుడు కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుని మూడు ఊపిర్లు చూడండి, తర్వాత రాయండి. రాత్రి పడుకున్నాక కాలి బొటనవేలి నుంచి మొదలుపెట్టి పిక్కలు, మోకాళ్ళు, నడుము, ఇలా తల దాకా ఒక్కో చోట రెండు ఊపిర్లసేపు ధ్యాస పెట్టి వదులు చేసుకుంటూ రండి. నడుము దాకా రాకముందే నిద్రపట్టేస్తే మరీ మంచిది.

ఎంతకాలం, ఎంతసేపు

రెండో వారం, మూడో వారం ఐదు నిమిషాలు. తర్వాత రెండు వారాలు పది. ఆ తర్వాత పదిహేను, అక్కడ కుదురుకుంటే ఇరవై. నేను మూడేళ్ళ తర్వాత కూడా ఇరవై దగ్గరే ఉన్నాను. ఒకరోజు తప్పితే మర్నాడు రెండింతలు చేయొద్దు, మామూలుగా కూర్చోండి. ఊరెళ్ళినప్పుడు, పెళ్ళిళ్ళప్పుడు వారం తప్పితే మళ్ళీ పాల గిన్నె దగ్గర మొదలుపెట్టండి.

వెలుగులు కనిపిస్తాయనో, ఒళ్ళు తేలిపోతుందనో ఎదురుచూడకండి. కొన్నిరోజులు ఇరవై నిమిషాలూ గోలగానే పోతాయి, ఆ రోజులు కూడా లెక్కలోకే వస్తాయి. మా ఊరు మదనపల్లెలోనే 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఏ పద్ధతి పట్టుకున్నా మనసు యంత్రంలా తయారవుతుందని జీవితమంతా చెబుతూ వచ్చారు. ఆయన మాట నేను గౌరవిస్తాను, పద్ధతిని కొలబద్దగా చేసుకుని "ఇవాళ ఎన్ని లెక్కలు" అని చూసుకోవడం మొదలైనప్పుడల్లా ఆ మాట గుర్తు చేసుకుంటాను. కానీ పట్టుకోవడానికి ఏమీ లేకుండా మొదలుపెట్టగల శక్తి నాకు లేదు, ఈ ఊపిరి, ఈ గిన్నె నాకు కావాలి.

కాస్త అలవాటయ్యాక గట్టిగా నేర్చుకోవాలనిపిస్తే విపశ్యన పది రోజుల శిబిరం ఉంది. బర్మాలో పుట్టి 1969లో భారతదేశానికి వచ్చి నేర్పిన ఎస్.ఎన్. గోయెంకా పద్ధతి అది. బెంగళూరు కేంద్రం తుమకూరు రోడ్డులో దాసనపుర దగ్గర ఆలూరులో ఉంది. ఫీజు లేదు, ఇంతకుముందు చేసినవాళ్ళు ఇచ్చే విరాళాలతో నడుస్తుంది. పది రోజులు మాట్లాడకూడదు, ఫోన్ ఉండదు, పొద్దున నాలుగింటికే లేపుతారు, రోజుకు పది గంటల దాకా కూర్చోవాలి. మొదటి మూడున్నర రోజులు ఊపిరి చూడటమే. ఇంట్లో కనీసం ఆరు నెలలు కూర్చున్నాకే వెళ్ళమని నా సలహా.

ఇది జాగ్రత్తగా చదవండి. కొందరికి కళ్ళు మూసుకుని కూర్చుంటే పాత భయాలు, జరిగిన ఘోరాలు ఒక్కసారిగా పైకి వస్తాయి, గుండె దడ పెరుగుతుంది. అలా అయితే పట్టుదలకు పోవద్దు. కళ్ళు తెరిచి, పాదాలు నేలకు నొక్కి, గదిలో కనిపించే ఐదు వస్తువుల పేర్లు చెప్పుకోండి, ఆ రోజుకి ఆపేయండి. మళ్ళీ మళ్ళీ అవుతుంటే డాక్టరుకు చెప్పాలి. డిప్రెషన్‌కో, యాంగ్జైటీకో మందులు వాడుతున్నవాళ్ళు ధ్యానం మొదలుపెట్టామని మందులు మానకండి. మన బెంగళూరులోనే నిమ్హాన్స్ అనే పెద్ద మానసిక వైద్య ఆసుపత్రి ఉంది. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ ఉచితంగా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తుంటే ఊపిరి చూడటం తర్వాత, ముందు ఆ నంబరుకి చేయండి, లేదా పక్కనున్న మనిషిని లేపండి.

ఫోన్లో వినడం

దీన్ని చివరికి ఉంచాను, ఎందుకంటే నేను అసలు మొదలుపెట్టింది దీని కోసం, నాకు అన్నిటికంటే ఆలస్యంగా వచ్చిందీ ఇదే.

వారానికి ఒక్క కాల్ ఎంచుకోండి. అమ్మకో నాన్నకో, ఊళ్ళో ఉన్న అత్తయ్యకో, ఎవరికైనా. లాప్‌టాప్ మూసేయండి, సగం మూయడం కాదు. వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ కూడా వద్దు. ఒక చోట కూర్చుని, పాదాలు నేల మీద ఆనించి, మూడు ఊపిర్లు చూసి అప్పుడు కాల్ చేయండి. ఊపిరి మీద పెట్టినట్టే ధ్యాస ఇప్పుడు అవతలి గొంతు మీద పెట్టండి. మధ్యలో మనసు పోతుంది, తప్పకుండా పోతుంది, తట్టినప్పుడు మళ్ళీ ఆ గొంతు దగ్గరికి రండి. ఒక మాట పోయిందనిపిస్తే ఊఁ కొట్టి దాటేయకుండా "ఇప్పుడేమన్నారు, మళ్ళీ చెప్పండి" అని అడగండి. పెద్దవాళ్ళు దానికి ఏమీ అనుకోరు, పైగా రెండోసారి ఇంకాస్త వివరంగా చెబుతారు. వాళ్ళ మాట పూర్తయ్యేలోపు మన సలహా నోట్లో తయారవుతుంటుంది, దాన్ని కూడా ఒక ఆలోచనలాగే చూసి వదిలేయండి.

మా నాన్న ఆదివారం రాత్రి ఎనిమిదింటికి నా ఫోన్ కోసం చూస్తుంటాడు. మొన్న మార్కెట్ యార్డులో టమాటా ఏ ధర పలికిందో చెప్పాడు, పక్కింటాయన బాక్సులు తిరిగి ఇంటికే తెచ్చుకున్నాడని చెప్పాడు, కుడికంటి కంటే ఎడమకంటికి రంగులు కాస్త పసుపుపచ్చగా కనిపిస్తున్నాయని, దానికీ చేయించాలేమోనని చెప్పాడు. ఎడమకన్ను, వచ్చే నెల చూపించుకోవాలి, రాసిపెట్టుకున్నాను. తర్వాత మాటలు అయిపోయాయి. ఇదివరకైతే అక్కడ "సరే నాన్నా ఉంటాను" అనేసేదాన్ని. ఈసారి అనలేదు, ఊరికే ఉన్నాను. వెనక మా వీధిలో ఎవరిదో బండి స్టార్టయిన చప్పుడు వినిపించింది, గోడ గడియారం వినిపించింది, ఫోన్ మూతి దగ్గరగా పట్టుకునే అలవాటు కదా, ఆయన ఊపిరి వినిపించింది.

"లైన్లో ఉన్నావామ్మా?" అన్నాడు.

"ఉన్నా నాన్నా, చెప్పు" అన్నాను.